డెల్టా మురుగు కాలువల్లో కొర్రమేనుకు గాలం వేయడం

గోదావరి డెల్టాలో గాలం పట్టుకుని బయల్దేరేవారిలో ఎక్కువ మంది లాకుల దగ్గరో, వంతెనల పక్కనో, జనం మసలే రేవుల్లోనో నిలబడతారు. అక్కడ జెల్లలు, పరిగెలు, అదృష్టం ఉంటే ఒక శీలావతి దొరకవచ్చు గాని, పెద్ద కొర్రమేను దొరకడం అరుదు. గట్టు మీద అడుగు అదిరితే చాలు జమ్ములోకి జారిపోయే ఈ చేప, మనుషుల రాకపోకలు లేని నీళ్లలోనే నిశ్చింతగా పెరుగుతుంది. కాబట్టి దానిని పట్టదలచినవారు ముందు నేర్చుకోవలసింది గాలం విసరడం కాదు, నీటిని చూడటం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత రూపుదిద్దుకున్న ఈ నీటి వ్యవస్థలో ప్రధానంగా రెండు రకాల కాలువలు ఉన్నాయి. సాగునీటి కాలువలు మెరక మీదుగా నీటిని పొలాలకు తెస్తాయి. పొలాలు వదిలిన నీటిని మురుగు కాలువలు పల్లం వెంట సముద్రం వైపు తీసుకుపోతాయి. సాగునీటి కాలువల్లో ప్రవాహం వడిగా ఉంటుంది, పైగా ఏటా వేసవిలో మరమ్మతుల కోసం వాటిని కట్టేస్తారు. పొంచి ఉండి వేటాడే కొర్రమేనుకు వడి నీరు పనికిరాదు. అది కోరుకునేది నిదానంగా కదిలే లోతు తక్కువ నీరు, తలదాచుకోవడానికి జమ్ము, తూటికాడ, గుర్రపుడెక్క, వాటి మధ్య అక్కడక్కడ చాపంత ఖాళీ. ఇవన్నీ మురుగు కాలువల్లోనూ, వాటిలో కలిసే బోదెల్లోనూ (పొలాల నుంచి వచ్చే పిల్ల కాలువల్లోనూ), లంకల్లో నది వదిలిపోయిన పాత పాయల మడుగుల్లోనూ ఉంటాయి. కోనసీమలో కౌశిక వంటి పెద్ద డ్రెయిన్ల కంటే, వాటిలోకి దిగే పేరులేని చిన్న కాలువల్లో, కొబ్బరితోటల వెనుక, బండి దారి కూడా ఆగిపోయిన చోట వెతకడం మేలు. అటువంటి కాలువలో మొదట చూడవలసిన స్థలం, పొలం బోదె నీరు తూము గుండా వచ్చి పడే మూల. చిన్న చేపలు, రొయ్య పిల్లలు, కప్పలు నీటితో పాటు అక్కడికి కొట్టుకువస్తాయి గనుక పెద్ద చేప ఆ పక్కనే నీడలో కాచుకుని ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొర్రమేను మొప్పలతో పాటు, తలలో ఉన్న ప్రత్యేకమైన శ్వాసావయవంతో గాలిని కూడా పీలుస్తుంది. అందువల్ల ప్రాణవాయువు కరువై మిగిలిన చేపలు తేలిపోయిన నీటిలో కూడా అది బతికే ఉంటుంది. కొర్రమేను ఉందంటే నీరు మంచిదని అనుకోవడం సరికాదు. పరిగెలు గుంపులుగా తిరుగుతున్నాయా, నీటికి దుర్వాసన ఉందా, పక్క పొలంలో ఈ మధ్య పురుగుమందు కొట్టారా అన్నవి చూసుకోవాలి. పట్టణాల మురుగు కలిసే యనమదుర్రు వంటి డ్రెయిన్లలో పట్టిన చేపను వండుకోమని నేను ఎవరికీ చెప్పను.

కాలం విషయానికి వస్తే, సార్వా (వానాకాలపు వరి) కోతలకు ముందు పొలాల్లో నీరు తీసేసే రోజులు అన్నింటికంటే మంచివి. వరిచేలలో నాలుగు నెలలు తిరిగిన చేపలు ఆ నీటితో పాటు బోదెల్లోకి, అక్కడి నుంచి మురుగు కాలువల్లోకి దిగుతాయి. దాళ్వా (రెండో పంట) చివరిలో కూడా ఇదే జరుగుతుంది. నడివేసవిలో నీళ్లు ఇంకిపోయి చేపలన్నీ ఒకే గుంతలో చిక్కుకున్నప్పుడు పట్టడం సులువే గాని, దానిలో వేట ఏమీ లేదు. పైగా వానలు పడ్డాక ఆ కాలువను మళ్లీ నింపవలసినవి ఆ మిగిలిన చేపలే. రోజులో తెల్లవారినప్పటి నుంచి ఎండ చురుక్కుమనే వరకు ఒక పూట, పొద్దు వాలినప్పటి నుంచి చీకటి పడే వరకు మరొక పూట అనుకూలం.

స్థలం ఎంచుకున్న తరువాత వెంటనే గాలం విప్పకూడదు. గట్టుకు రెండు మూడు అడుగులు వెనక్కి నిలబడి, నీడ నీటి మీద పడకుండా చూసుకుని, కాసేపు కదలకుండా గమనించాలి. గాలి పీల్చక తప్పదు గనుక కొర్రమేను కొంతసేపటికొకసారి పైకి వచ్చి తీరుతుంది. పైకి రానీయకుండా నీటిలోనే అదిమి ఉంచితే అది ఊపిరాడక చనిపోతుంది. వేటగాడికి ఉన్న అసలైన ఆధారం ఈ బలహీనతే. అయితే నీటి మీద కనిపించే ప్రతి కదలికా కొర్రమేనుది కాదు. అడుగు బురద నుంచి ఒకే చోట సన్నని బుడగలు వరసగా వస్తుంటే అది కుళ్లిన ఆకుల నుంచి పుట్టిన వాయువు. మార్పు, ఇంగిలాయి అనే చేపలు కూడా గాలి కోసం పైకి వస్తాయి గాని, అవి విసురుగా వచ్చి తోక తిప్పి అంతే విసురుగా మునిగిపోతాయి. కొర్రమేను నెమ్మదిగా తేలి, మూతి మాత్రం పైకి పెట్టి గుటక వేసినట్టు గాలి తీసుకుని, ఒకటి రెండు బుడగలు వదిలి దిగిపోతుంది. దాని చుట్టూ ఏర్పడే వలయం నిదానంగా విస్తరిస్తుంది. పెద్ద చేప అయితే ఆ గుటక చప్పుడు గట్టు మీదికి వినిపిస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి మీది మెరుపు తగ్గి, దిగిన చేప ఏ దిక్కుగా పోయిందో కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది. చేప తిరిగి అదే ఖాళీలో, లేదా దానికి రెండు బారల దూరంలో తేలడం మామూలు.

సన్నని బోదెలకు పాత పద్ధతి వెదురు గడే ఇప్పటికీ మేలైనదని నా అభిప్రాయం. పొడవైన గడకు దాని కంటే పొట్టిగా గట్టి తంగూసు కట్టి, ఎరను గుర్రపుడెక్క మధ్య ఉన్న ఖాళీలో నేరుగా దించి, పైకీ కిందికీ మెల్లగా ఆడించవచ్చు. రీలుతో విసిరినప్పుడు ఆ ఖాళీలో అంత కచ్చితంగా పడదు. ఎరగా లావుపాటి ఎర్రలు, రొయ్య, చిన్న పరిగె సరిపోతాయి. బతికున్న కప్పను గుచ్చడం మన పల్లెల్లో ఉన్న అలవాటే గాని, దానిని మానుకోవాలి. కప్పకాళ్ల ఎగుమతిని ప్రభుత్వం 1987లో నిషేధించడానికి, చేలలో పురుగులను తినే కప్పలు తగ్గిపోవడం ఒక ముఖ్య కారణం. ఇప్పుడు దుకాణాల్లో దొరికే మెత్తని రబ్బరు కప్ప, వెడల్పాటి కాలువల్లో నిజమైన కప్పకు ఏమాత్రం తీసిపోదు. దాని గాలపు కొసలు పైకి తిరిగి వీపుకు ఆనుకుని ఉంటాయి గనుక నాచులోనూ, డెక్కలోనూ చిక్కుకోకుండా జారుతుంది. దీనికి ఆరున్నర నుంచి ఏడు అడుగుల గట్టి రాడ్, అల్లిక దారం అవసరం. ఈ వేటకు సన్నని దారం పనికిరాదు. గాలం తగిలిన మరుక్షణం కొర్రమేను కలుపులోకి దూరి దారాన్ని కాడలకు చుట్టేస్తుంది.

రబ్బరు కప్పను చేప తేలిన చోటనే వేస్తే అది బెదిరిపోతుంది. దానికి నాలుగైదు అడుగుల అవతల, వీలైతే డెక్క ఆకు మీదనే పడేటట్టు విసిరి, ఆకు మీద నుంచి నీటిలోకి జారవిడిచి, రెండు మూడుసార్లు కదిలించి ఆపాలి. ఎర కదులుతున్నప్పటి కంటే ఆగినప్పుడే చేప అందుకోవడం ఎక్కువ. అది అందుకునే తీరు భళ్లున నీరు పగిలినట్టు ఉంటుంది, అక్కడే చాలామంది చేయి తొందరపడి ఎరను చేప నోటి నుంచి తామే లాగేసుకుంటారు. చప్పుడు విన్న వెంటనే కాక, దారం బిగిసి బరువు చేతికి తెలిసిన తరువాతనే రాడ్‌ను బలంగా పైకి ఎత్తాలి. కొర్రమేను నోరు గట్టిది, పళ్లు ఉన్నది. మొద్దుబారిన గాలం దానిలో దిగదు గనుక ప్రతి పూటా కొసను ఆకురాయితో పదును పెట్టుకోవాలి. తగిలిన చేపకు దారం వదలకుండా, తల పైకి ఉండేటట్టు పట్టి, కలుపు మీదుగా జార్చుకుంటూ గట్టుకు తేవాలి. నోటిలో వేలు పెట్టకుండా గాలాన్ని ప్లయర్‌తో తీయాలి.

తొలకరి నుంచి వానాకాలం పొడవునా ఒక దృశ్యం ఎదురవుతుంది. ఎర్రని పిల్లలు వందల కొద్దీ ఒక ముద్దగా నీటి మీద మెదులుతుంటాయి, వాటి కిందనే తల్లీ తండ్రీ కావలి కాస్తుంటాయి. ఆ సమయంలో దగ్గరికి వచ్చిన దేనినైనా అవి కరుస్తాయి. ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకోవడానికి. ఆ ముద్దలో ఎర వేస్తే పెద్ద చేప తప్పకుండా దొరుకుతుంది, ఆ తరువాత కావలి లేని పిల్లలు దాదాపు అన్నీ మిగతా చేపలకు ఆహారమవుతాయి. ఎర్రని ముద్ద కనిపించిన చోట గాలం చుట్టి ముందుకు నడవాలి.

పంచాయతీ చెరువులను సాధారణంగా వేలం పాడుకున్నవారో, మత్స్యకార సంఘాలవారో అనుభవిస్తారు. రొయ్యల, చేపల చెరువులు సొంతవారివి. కోరంగి అభయారణ్యంలో వేట కూడదు. మిగిలిన చోట్ల కూడా గట్టు మీది రైతును పలకరించి, ఆయన సరేనన్న తరువాతనే దిగాలి. మర్యాదగా అడిగితే వద్దనేవారు తక్కువ, పైగా నిన్న సాయంత్రం ఏ తూము దగ్గర నీళ్లు కదిలాయో ఆయనకే తెలుస్తుంది. చెరువుల మోటార్లకు వేసిన కరెంటు తీగలు గట్ల వెంట కిందికి వేలాడుతుంటాయి. కార్బన్ రాడ్‌లో విద్యుత్తు పారుతుంది గనుక విసిరే ముందు తలెత్తి చూడటం తప్పనిసరి. ఉరుము వినిపిస్తే రాడ్ పక్కన పెట్టి గట్టు దిగాలి. జమ్ము పక్కన తాచు, లంకల ఎండుగడ్డిలో రక్తపింజరి ఉండవచ్చు కాబట్టి చెప్పులతో కాక మోకాలి వరకు వచ్చే బూట్లతో నడవాలి.

పట్టిన చేపను తడి గోనెసంచిలో చుట్టి నీడన ఉంచితే గంటల తరబడి బతికే ఉంటుంది. అలా ఊపిరితో ఉంచడం కంటే తల మీద ఒక దెబ్బతో వెంటనే చంపడమే దానికి మంచిది, మాంసానికీ మంచిది. డిసెంబరు, జనవరి చలిలో ఒంటి మీద ఎర్రని పుండ్లతో ఉన్న కొర్రమేనులు దొరుకుతాయి. ఇది శిలీంధ్రం వంటి సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు, మన దేశంలో 1988 నుంచి ఉంది. అటువంటి చేపను ఇంకో చెరువులో గాని, కాలువలో గాని వదలకూడదు. దానిని పట్టిన సంచిని, బూట్లను ఎండలో పూర్తిగా ఆరనిచ్చిన తరువాతనే మరో నీటికి తీసుకుపోవాలి. ఆరోగ్యంగా ఉన్న చేపకు బూడిద గాని, రాళ్లుప్పు గాని పట్టించి రుద్దితే జిగురు పోతుంది. ఆ తరువాతే పొలుసు తీయాలి, లేకపోతే కత్తి జారి చేయి తెగుతుంది.