కంచు పోత కార్ఖానా చరిత్ర రాయాలంటే ముందు అచ్చుల గదికి వెళ్ళండి

కార్ఖానా చరిత్ర అనగానే అందరూ ముందు యజమాని దగ్గర కూర్చుంటారు. నేనూ అంతే. తొమ్మిదేళ్ళు మైనం పని (కంచు పోసే ముందు అచ్చులోంచి తీసే మైనపు ప్రతుల్ని దిద్దడం) చేసిన చోటే కదా, తెలియనిదేముందిలే అనుకుని మూడు నెలలు మాటల కోసం తిరిగాను. ఈలోగా షెడ్డులో చోటు కావాలని పాత ప్లాస్టర్ అచ్చులు నలభై దాకా పగలగొట్టి పారేశారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే చెబుతున్నాను, మనుషులు చెప్పేది తర్వాత వినొచ్చు. ముందు అచ్చులు చూడండి.

ప్రతి అచ్చుకీ నంబరు కట్టి, లోపలా బయటా ఫోటో తీయండి. ప్లాస్టర్‌వి, రబ్బరువి వేరు చేయండి. ప్లాస్టర్ వంగదు కాబట్టి ఒక్క ముఖానికే పది ముక్కలు చేసి, విడదీసేలా అమర్చేవాళ్ళు. రబ్బరు వచ్చాక ఆ నేర్పుతో పని లేకుండా పోయింది. ఎప్పుడు మారారన్నది తప్పకుండా పట్టుకోండి.

మిగిలిన అచ్చుల్లో ఒకదాని అంచున పెన్సిల్ గీతలు కనిపించాయి. పదకొండు. ఆ అచ్చులోంచి ఒక్కో మైనపు ప్రతి తీసినప్పుడల్లా ఒక్కో గీత. లెడ్జర్‌లో మాత్రం ఆ విగ్రహానికి ఆరే ప్రతులున్నాయి. మేస్త్రిని అడిగితే, "మిగతా అయిదూ చెడిపోయాయమ్మా, మళ్ళీ కరిగించేశాం" అన్నారు. లెడ్జర్‌లో అమ్మినవే ఉంటాయి. చెడిపోయినవి కూడా రాయండి, ఆ చేతులు పని నేర్చుకున్నది వాటిమీదే.

తర్వాత టేపు తీసుకుని కొలవండి. కంచు చల్లారేటప్పుడు దాదాపు ఒకటిన్నర, రెండు శాతం కుంచించుకుపోతుంది. కంచు విగ్రహం మీదే అచ్చు తీసి ఇంకోటి పోస్తే అది ఇంకాస్త చిన్నదవుతుంది. 1917లో ఫ్రెంచి చిత్రకారుడు డెగా చనిపోయాక ఆయన మైనపు బొమ్మల్ని పారిస్‌లోని ఎబ్రార్ ఫౌండ్రీ కంచులో పోసింది. ముందు ఒక్కోదానికి ఒక మూల ప్రతి చేసుకుని, మిగతావి దాన్నుంచి తీశారు. 1970లలో ఆ మూల ప్రతులు బయటపడితే, అమ్మిన ప్రతులకంటే అవి కాస్త పెద్దవని తేలింది. మీ దగ్గర రెండు ప్రతులుంటే కళ్ళ మధ్య దూరం, చెయ్యి పొడవు లాంటివి కొలిచి పోల్చండి.

విగ్రహం మీది కార్ఖానా ముద్రని చూసి తారీఖు వేసేయకండి. ఫ్రెంచి శిల్పి రోడాన్ కంచు శిల్పాలు చాలావాటి మీద 'అలెక్సి రుడియే' అని ఉంటుంది. ఆ కార్ఖానా యజమాని అలెక్సి 1897లోనే పోయాడు. కొడుకు యూజీన్ 1952లో తను చనిపోయేదాకా తండ్రి పేరే వేస్తూ వచ్చాడు.

అతుకులు ఇంకొంచెం నమ్మకం. ఆర్గాన్ వెల్డింగ్ 1940లలో వచ్చింది. అంతకుముందు ముక్కల్ని ఎక్కువగా పిన్నులు, రివెట్లతో బిగించేవాళ్ళు. అయితే పాత విగ్రహానికి తర్వాతెప్పుడో రిపేరు చేసి ఉండొచ్చు, ఒక్క అతుకుతో తేల్చేయకూడదు.

ఇక పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. "చరిత్ర చెప్పండి" అంటే వాళ్ళకి టెన్షన్. చేతికి సంబంధించిన ప్రశ్న అడగండి. మీరు చేరినప్పుడు కొలిమికి బొగ్గా, ఆయిలా? లోహం పోతకి వచ్చిందని రంగు చూసి చెప్పేవారా, మీటరు ఉండేదా? మా మేస్త్రి జవాబు చెప్పకుండా లేచి, కొలిమి పాత చోటు దాకా నడిచి, నేలమీద నల్లబడ్డ రాళ్ళు చూపించారు. దాన్ని బట్టే నేను షెడ్డు పాత ప్లాను గీశాను.

రాసేటప్పుడు ప్రతి విగ్రహం కింద శిల్పి పేరుతో పాటు మైనం ఎవరు దిద్దారు, ఎవరు పోశారు, ఉలీ ఆకురాయీ ఎవరు పట్టారు, రంగు ఎవరు ఎక్కించారు, తెలిసినంత వరకు రాయండి. ప్రెస్సుకి ఇచ్చే ముందు అదంతా షెడ్డులోనే అందరికీ చదివి వినిపించండి. నేను చదువుతుంటే రెండు చోట్ల ఆపించారు. రెండుసార్లూ తప్పు నాదే. పెన్సిల్ గీతల దగ్గరికి రాగానే మేస్త్రి, "మొదటి నాలుగూ మా నాన్న గీసినవి, రాసుకో" అన్నారు.