చరిత్రలో ఈ రోజు: ఒక తేదీకి జాబితా తయారు చేయడం ఎలా?

'చరిత్రలో ఈ రోజు' అని ఎక్కడ కనిపించినా ఒకసారి చదవకుండా ఉండలేం. నాలుగైదు సంఘటనలు, కొందరి పుట్టినరోజులు, ఇద్దరు ముగ్గురి వర్ధంతులు. తయారు చేయడం అరగంట పనే అనిపిస్తుంది. పోగు చేయడానికి నిజంగానే అరగంట చాలు. కానీ పోగు చేసినవాటిలో ఏది ఆ తేదీకి చెందుతుందో తేల్చుకోవడానికి పూట పడుతుంది. ఇక్కడ చెప్పేది ఎక్కువగా దాని గురించే.

మొదటి పని: గీసుకోండి, నింపండి

ఒక కాగితం మీద సంఘటనలు, జననాలు, మరణాలు అని మూడు వరసలు గీయండి. ప్రతి అంశం పక్కన ఆ తేదీ ఎక్కడ దొరికిందో రాసుకోండి. అది పాఠకులకు చూపించడానికి కాదు, రేపు ఎవరైనా అడిగితే మీరు తడుముకోకుండా ఉండటానికి.

ఏప్రిల్ 12 తీసుకుందాం. 1861లో సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలి అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. 1945లో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పదవిలో ఉండగానే చనిపోయారు. 1955లో సాల్క్ పోలియో టీకా సురక్షితమని, పనిచేస్తుందని ప్రకటించారు. 1961లో యూరి గగారిన్ 108 నిమిషాల్లో అంతరిక్షయానం ముగించుకుని వచ్చాడు. 1981లో స్పేస్ షటిల్ కొలంబియా తొలిసారి ఎగిరింది. జననాల్లో క్రికెటర్ వినూ మన్కడ్ (1917), మరణాల్లో రూజ్‌వెల్ట్‌తో పాటు కన్నడ నటుడు రాజ్‌కుమార్ (2006) ఉన్నారు.

ఇలా పక్కపక్కన పెడితే కొన్ని అంశాలు వాటంతట అవే కలుస్తాయి. రూజ్‌వెల్ట్‌కు పోలియో అని 1921లో నిర్ధారించారు, కాళ్లు చచ్చుపడ్డాయి. ఆయన పదో వర్ధంతి నాడే టీకా కబురు వచ్చింది. ఇలాంటి జంట దొరికితే వదలకండి, జాబితాకు ప్రాణం అదే. అయితే తేదీ కలిసిందని కారణం కూడా కలిపేయకూడదు. కొలంబియా గగారిన్ ప్రయాణానికి సరిగ్గా ఇరవై ఏళ్ల తర్వాత ఎగిరింది కదా, ఆ గుర్తుగానే ఎగిరిందని రాయబుద్ధేస్తుంది. నిజానికి అది ఏప్రిల్ 10న బయల్దేరాలి. కంప్యూటర్ల సమస్య వల్ల రెండు రోజులు వాయిదా పడింది, అంతే.

రెండో పని: ఏ క్యాలెండరో చూడండి

పాత తేదీలతో అసలు తలనొప్పి ఇక్కడే. 1582లో కొన్ని కాథలిక్ దేశాలు జూలియన్ అనే పాత క్యాలెండర్ వదిలి, ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్‌కి మారాయి. అక్కడ అక్టోబర్ 4 మర్నాడు అక్టోబర్ 15. బ్రిటన్ 1752 దాకా మారలేదు, రష్యా 1918 దాకా మారలేదు. మధ్యలో ఉన్న కాలంలో ఒకే రోజుకి ఒక్కో దేశంలో ఒక్కో తేదీ.

షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే కన్నుమూశారని చాలా చోట్ల కనిపిస్తుంది. షేక్‌స్పియర్‌ది ఇంగ్లండ్ పాత క్యాలెండర్ తేదీ. స్పెయిన్ లెక్కలో అది మే 3. పైగా సెర్వాంటెస్ చనిపోయింది ఏప్రిల్ 22న, 23 ఆయన్ని ఖననం చేసిన రోజు అంటారు. న్యూటన్ పుట్టినరోజూ అంతే: ఇంగ్లండ్‌లో 1642 డిసెంబర్ 25, కొత్త లెక్కలో 1643 జనవరి 4. గెలీలియో పోయింది ఇటలీలో, కొత్త లెక్కన 1642లో. అందుకే గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడనే మాట రెండు క్యాలెండర్లను కలిపేస్తేనే నిలబడుతుంది. రష్యా 'అక్టోబర్ విప్లవం' నవంబర్ 7 కింద ఎందుకు ఉంటుందో కూడా దీంతో తెలిసిపోతుంది.

ఒక పద్ధతి పెట్టుకోండి. 1582కి ముందువి జూలియన్‌లోనే ఉంచండి, చరిత్రకారులు సాధారణంగా చేసేది అదే. తర్వాతవి గ్రెగోరియన్‌లో పెట్టి, పాత తేదీని బ్రాకెట్‌లో ఇవ్వండి.

తిథుల్లో ఉన్న తేదీ అయితే వారం మీకు సాక్షి. శ్రీకృష్ణదేవరాయల మరణం గురించి కర్ణాటకలోని హొన్నేనహళ్లి శాసనం ఆదివారం, చంద్రగ్రహణం అని చెబుతుంది. అది 1529 అక్టోబర్ 17. లెక్క వేస్తే జూలియన్‌లో ఆ రోజు ఆదివారమే, పౌర్ణమే. అదే తేదీని గ్రెగోరియన్ అనుకుని లెక్కిస్తే వారం తప్పిపోతుంది. వారం కలవలేదంటే ఎక్కడో తేడా ఉన్నట్టే, ఆ అంశాన్ని పక్కన పెట్టండి.

మూడో పని: గడియారం ఎక్కడిది?

సంఘటన జరిగిన చోటి తేదీ వేయడం మామూలు పద్ధతి. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగినప్పుడు హవాయిలో 1941 డిసెంబర్ 7, టోక్యోలో అప్పటికే 8. అందుకని డిసెంబర్ 7 కింద పెట్టాలి. ఐరోపాలో యుద్ధం ముగిసిన రోజు పశ్చిమ దేశాలకు 1945 మే 8, మాస్కో గడియారంలో అర్ధరాత్రి దాటింది కాబట్టి రష్యాకు మే 9. చంద్రుడి మీద స్థానిక సమయం ఉండదు కదా, అక్కడ అంతర్జాతీయ ప్రామాణిక సమయం చూడాలి. ఆ లెక్కన అపోలో 11 దిగింది 1969 జులై 20న, ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టింది జులై 21న. అమెరికాలో రెండూ 20నే, భారత్‌లో రెండూ 21నే.

నాలుగో పని: క్రియ సరిగ్గా వాడండి

జరిగిన రోజు వేరు, ప్రకటించిన రోజు వేరు. ప్లూటోని 1930 ఫిబ్రవరి 18న కనుగొన్నారు. మార్చి 13న ప్రకటించారు. ఆ తేదీ కావాలని ఎంచుకున్నదే, అది ప్లూటోని కనుగొన్న అబ్జర్వేటరీని స్థాపించిన పర్సివల్ లోవెల్ పుట్టినరోజు, యురేనస్‌ను కనుగొన్న రోజు కూడా. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన సంగతీ ఇంతే: 1776 జులై 2న స్వాతంత్ర్యానికి ఓటు వేశారు, 4న ప్రకటన పాఠాన్ని ఆమోదించారు, సంతకాల్లో ఎక్కువ భాగం ఆగస్టు 2న పడ్డాయి. జులై 4 కింద 'సంతకాలు చేశారు' అని రాస్తే తేదీ ఒప్పు, వాక్యం తప్పు.

పుట్టినరోజుల విషయంలో మనిషి సొంత మాటను కూడా ఒకసారి సరిచూసుకోవాలి. జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను 1900 జులై 4న పుట్టానని చెప్పుకునేవాడు. ఆయన పోయాక దొరికిన చర్చి రికార్డులో 1901 ఆగస్టు 4 అని ఉంది. బీథోవెన్‌కి మనకున్నది 1770 డిసెంబర్ 17 నాటి బాప్టిజం నమోదు మాత్రమే, పుట్టిన తేదీ కాదు. దాన్ని జననాల్లో వేస్తే 'బాప్టిజం' అని పక్కన రాయాలి.

చివరగా కోత

అన్నీ ఉంచాలని చూడకండి. ఎక్కువ పేర్లు ఉంటే ఎవరూ చదవరు. ఒకే దేశం, ఒకే రంగం, ఒకే శతాబ్దం నిండిపోతే కొన్ని తీసేయండి. ముందు సంవత్సరం, తర్వాత ఒక వాక్యం. పేరు పక్కన ఆయనెవరో రెండు మాటల్లో చెప్పండి. 'ప్రముఖుడు' అనే మాట ఎవరికైనా సరిపోతుంది కాబట్టి ఎవరికీ పనికిరాదు. ఏళ్ల వరుసలో పేర్చండి.

ఫిబ్రవరి 29 వంతు వచ్చినప్పుడు జాబితా చిన్నగా ఉంటుంది. మొరార్జీ దేశాయ్ (1896), సంగీతకర్త రోసీని (1792) లాంటి కొద్దిమందే దొరుకుతారు. ఖాళీగా ఉందని 28వ తేదీ వాళ్లను తెచ్చి కలపొద్దు. 1900 ఫిబ్రవరి 29 అని ఎక్కడైనా కనిపిస్తే ఏ క్యాలెండరో చూడండి. గ్రెగోరియన్‌లో ఆ రోజు లేదు, రష్యాలో మాత్రం ఉంది.