అరికాలి మెలనోమాలో సెంటినెల్ నోడ్ స్కాన్ చేసే పద్ధతి

మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే క్యాన్సర్) కణాలు కణితిని విడిచి బయలుదేరితే, శోషరస (లింఫ్) నాళాల దారిలో వాటికి మొదట ఎదురయ్యే లింఫ్ గ్రంథిని సెంటినెల్ నోడ్ అంటారు. దానినొక్కదానినే తీసి పరీక్షించే పద్ధతిని మెలనోమా విషయంలో డొనాల్డ్ మోర్టన్ బృందం 1992లో వివరించింది. కణితి మందం 1 మి.మీ. దాటి, గ్రంథుల వాపు చేతికి తగలని రోగులకు సాధారణంగా దీనిని సూచిస్తారు. మన దేశంలో మెలనోమా అరుదే అయినా, వచ్చినప్పుడు తరచుగా అరికాలిలోనే కనిపిస్తుంది కనుక ఆ సందర్భాన్నే తీసుకుంటున్నాను.

ఆ గ్రంథి ఎక్కడుందో చూపే స్కాన్, కణితి చుట్టూ చర్మాన్ని వెడల్పుగా కోసి తీయక ముందే జరగాలి. కోత పడ్డాక పాత దారులు చెదిరిపోతాయి. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన నానోకొల్లాయిడ్‌ను (అతి సూక్ష్మ రేణువులున్న ద్రవాన్ని), ఒక్కోచోట సుమారు 0.1 మి.లీ. చొప్పున, కణితి లేదా బయాప్సీ మచ్చ చుట్టూ నాలుగు చోట్ల సన్నని సూదితో ఎక్కించాలి. సూది చర్మం పొరలోనే ఆగిందనడానికి గుర్తు, అక్కడ చిన్న దద్దురు లేవడం. దద్దురు లేవలేదంటే మందు లోతుకు దిగినట్లే. అరికాలి చర్మం దళసరి కనుక మందు ఎదురుతన్ని చిమ్మవచ్చు. దుప్పటి మీద పడిన ఒక్క చుక్క కూడా తెర మీద గ్రంథిలాగే మెరుస్తుంది. అందుకే సూది చుట్టూ గాజుగుడ్డ ఉంచి, పని కాగానే చేతి తొడుగులు మార్చుకోవాలి.

సూది తీసిన వెంటనే, టెక్నీషియం వెలువరించే గామా కిరణాలను చిత్రించే గామా కెమెరాను మొదలుపెట్టాలి. రెండు గంటల తర్వాత గజ్జను మాత్రమే ఫొటో తీసి ముగించడం నా దృష్టిలో పనికిరాని పొదుపు, ఎందుకంటే అప్పటికి తర్వాతి వరుస గ్రంథులు కూడా వెలిగి, ఏది మొదటిదో తేలదు. తొలి 20 నిమిషాలు పాదం నుంచి గజ్జ వరకు నాళం సాగే తీరును వరుసగా చిత్రించాలి. మోకాలి వెనుక గుంటను తప్పక చూడాలి. అక్కడ ఆగిన చుక్కకు పాదం నుంచి నేరుగా నాళం వస్తుంటే, గజ్జలో ఎంత పెద్ద గ్రంథి వెలిగినా మోకాలి వెనుకదీ సెంటినెల్ నోడే. ఇంజెక్షన్ చోటు మెరుపు అడ్డొస్తే సీసపు పలకతో కప్పవచ్చు.

గ్రంథి ఎంత లోతులో ఉందో తెలియడానికి స్పెక్ట్-సీటీ (గామా చిత్రాన్ని సీటీ స్కాన్‌తో కలిపి చూపే త్రిమితీయ స్కాన్) తోడ్పడుతుంది. చివరగా, ఆపరేషన్ బల్ల మీద పడుకునే భంగిమలోనే కాలిని ఉంచి, గ్రంథికి ఎదురుగా చర్మం మీద చెరగని సిరాతో గుర్తు పెట్టాలి. టెక్నీషియం ప్రతి 6 గంటలకు సగానికి తగ్గిపోతుంది కనుక, సర్జన్ చేతిలోని గామా ప్రోబ్‌కు (కిరణాలను పసిగట్టి శబ్దం చేసే పరికరానికి) సంకేతం అందాలంటే ఆపరేషన్ అదే రోజు, లేదా మోతాదు పెంచి మరునాడు ఉదయం జరగాలి.