స్పానిష్ నేర్చుకుందాం, 7వ పాఠం: దాచడం, నిలవ ఉంచడం, ఉంచుకోవడం

పోయిన పాఠంలో కెదార్ (మిగలడం), కెదార్సె (ఉండిపోవడం) చూశాం కదా, దాని తోక ఒకటి ఈరోజు పాఠంలోకి వస్తుంది. ముందుగా ఒక్క పని చేయండి, ఇంగ్లీషు ‘కీప్’ని కాసేపు మర్చిపోండి. మనం స్పానిష్‌ని ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే నేర్చుకుంటాం, అందుకే ఆ ఒక్క మాటకి ఎదురుగా గ్వర్దార్, కొన్సెర్బార్, మంతెనెర్, ప్రెసెర్బార్, కెదార్సె కొన్ అని అయిదు కనపడగానే టెన్షన్ మొదలవుతుంది. తెలుగులో ఆలోచించి చూడండి. డబ్బు దాస్తాం, పచ్చడి నిలవ ఉంచుతాం, ఇంటిల్లిపాదినీ పోషిస్తాం, ఆటో అతన్ని చిల్లర ఉంచుకోమంటాం. వీటన్నిటికీ ఒకే క్రియ మనమూ వాడం.

ఒకే వస్తువు పట్టుకుని వెళ్దాం. అమ్మమ్మ రాసిన ఉత్తరాలు, ‘లాస్ కార్తాస్ దె మి అబ్వేలా’.

‘గ్వార్దో లాస్ కార్తాస్ ఎన్ ఉనా కాహా.’ ఉత్తరాలు పెట్టెలో దాచుకుంటాను. గ్వర్దార్ అంటే చెయ్యి కదలాలి, తీసి ఒక చోట పెట్టాలి. ఉతికిన బట్టలు బీరువాలో సర్దినా, కంప్యూటర్‌లో ఫైలు సేవ్ చేసినా ఇదే మాట (మెనూని స్పానిష్‌లోకి మార్చి చూడండి, ‘గ్వర్దార్’ అనే ఉంటుంది). రహస్యం దాచడానికీ ఇదే.

‘తొదవీయా కొన్సెర్బో లాస్ కార్తాస్.’ ఇన్నేళ్లయినా అవి నా దగ్గర ఇంకా ఉన్నాయి, పోలేదు, పాడవలేదు. పెట్టె సంగతి ఇక్కడ అనవసరం, కాలం సంగతే ముఖ్యం. అందుకే డబ్బాల్లో నిలవ ఉండే చేపలు, కూరగాయలు ‘కొన్సెర్బాస్’ అయ్యాయి. మన నిలవ పచ్చడిలో ‘నిలవ’ ఉంది చూశారా, అచ్చంగా అదే భావం.

‘మె కెదే కొన్ లాస్ కార్తాస్.’ అమ్మమ్మ పోయాక ఎవరికేం కావాలని అడిగితే, ఉత్తరాలు నేను ఉంచుకున్నాను. అంటే అవి ఇక నావి. టాక్సీ దిగుతూ ‘కెదెసె కొన్ ఎల్ కాంబియో’ అంటే చిల్లర మీరే ఉంచుకోండి అని. కొట్లో నాలుగు చొక్కాలు తిరగేసి ‘మె కెదో కొన్ ఎస్తా’ అంటే ఇది తీసుకుంటాను అని.

ప్రెసెర్బార్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చెమ్మ నుంచి, పురుగు నుంచి కాపాడడం, అంటే ఎదురుగా ఒక హాని ఉండాలి. ఇంట్లో మాటల్లో తక్కువ, అడవుల గురించి, పాత కట్టడాల గురించి రాసేటప్పుడు ఎక్కువ. కానీ ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, తిండిలో కలిపే ప్రిజర్వేటివ్‌ని స్పానిష్‌లో ‘కొన్సెర్బాంతె’ అనాలి. ‘ప్రెసెర్బాతీబో’ అంటే కండోమ్. జామ్ సీసా పట్టుకుని అడిగేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి.

ఇక మంతెనెర్. ఉన్న స్థితి చెడకుండా, ఆగిపోకుండా నడిపించడం. ‘మంతుబియెరోన్ కొర్రెస్పొందెన్సియా’ అంటే వాళ్లు ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నారు, రాసిన కాగితాలు ఇప్పుడు ఉన్నాయా లేవా అన్నది వేరే విషయం. కుటుంబాన్ని పోషించడం, కంగారు పడకుండా ఉండడం (‘మంతెనెర్ లా కాల్మా’) దీని కిందికే వస్తాయి. రూపాలకి భయపడకండి, మీకు వచ్చిన, ‘కలిగి ఉండడం’ అనే అర్థమున్న తెనెర్‌కి ముందు ‘మన్’ చేర్చడమే: తెంగో, మంతెంగో, తుబె, మంతుబె.

నాకు ఈ తేడా బాగా బోధపడింది స్పెయిన్ మందుల పెట్టెలో ఉండే కాగితం చదివినప్పుడు. ఒక లైనులో పిల్లలకి అందకుండా ‘మంతెనెర్’ అని ఉంటుంది, ఆ కిందే 25 డిగ్రీలు దాటిన చోట ‘నో కొన్సెర్బార్’ అని. మొదటి లైను మందు ఎంత దూరంలో ఉండాలో చెబుతోంది, రెండోది మందు పాడవకుండా చూడమంటోంది. మందు అదే, పెట్టె అదే, క్రియ మాత్రం మారింది.

ఇప్పుడు మీ వంతు. వీటికి క్రియ ఎంచుకుని పూర్తి వాక్యాలు రాయండి: పాస్‌పోర్టు సొరుగులో పెట్టు. తలుపు మూసి ఉంచండి. మామయ్య ఇచ్చిన వాచీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఈ పుస్తకం నువ్వే ఉంచుకో. రెండో దానిలో ‘ఉంచండి’కీ, నాలుగో దానిలో ‘ఉంచుకో’కీ ఒకే క్రియ రాస్తే మళ్లీ ఉత్తరాల దగ్గరికి వెళ్లి చదవండి. జవాబులు వచ్చే పాఠంలో, మాట నిలబెట్టుకోవడానికి వాడే ‘కుంప్లీర్’తో పాటు.