పొలంలో టేకు పెంచడం ఎలా? స్టంపు నాటడం నుంచి దుంగ కొలిచే దాకా

టేకు తోటలు చెడేది ఎక్కువగా ఆరో ఏడాదిలోనే. అప్పటికి చెట్లు ఇంటికప్పు దాటి చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో సగం కొట్టేయమంటే ఇంట్లో ఎవరికీ చేతులు రావు. కొట్టకపోతే ఇరవై ఏళ్లకు కూడా అవి వాసాలుగానే మిగులుతాయి. అందుకే ఎన్ని మొక్కలు నాటాలి, ఏ ఏడాది ఎన్ని తీసేయాలి అనే లెక్క ముందే వేసుకోండి.

నేల చూసుకోవడం

టేకుకు లోతుగా ఉండి, నీరు నిలవని నేల కావాలి. వాగుల పక్కన ఒండ్రు నేలలు, లోతున్న ఎర్ర నేలలు బాగా నప్పుతాయి. నేల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే మేలు. నేలలో కాల్షియం ఉంటే ఎదుగుదల బాగుంటుంది. వాన వెలిశాక రెండు మూడు రోజులు నీళ్లు నిలిచే నల్లరేగడిలో, చౌడులో, అడుగున్నర కిందే రాయి తగిలే చెల్కలో వేయకండి. అక్కడ మొక్క వెంటనే చచ్చిపోదు, చిక్కంతా అదే. ఎదుగూ బొదుగూ లేకుండా పదేళ్లు చోటు తింటుంది.

పొలంలో నాలుగైదు చోట్ల మూడడుగుల గొయ్యి తవ్వి నీళ్లు నింపండి. మర్నాటికి కూడా నీళ్లు అలాగే ఉంటే ఆ చోటు టేకుకు పనికిరాదు.

ఎంత దూరం?

ఎకరంలో 6×6 అడుగుల దూరంలో 1,210, 8×8లో 680, 10×10లో 435 మొక్కలు పడతాయి. 6×6 అని గట్టిగా చెప్పేది సాధారణంగా మొక్కలు అమ్మేవాళ్లే. కుటుంబమే చూసుకునే తోటకు 8×8 అనువుగా ఉంటుంది. మొదట్లో మొక్కలు ఒకదాంతో ఒకటి పోటీపడి నిటారుగా లేస్తాయి, రెండు విడతలు పలచన చేశాక 170 మంచి చెట్లు మిగులుతాయి. గట్ల మీదైతే 6 నుంచి 8 అడుగులకొకటి చొప్పున ఒకే వరస వేయండి. పక్కవారితో ఉమ్మడి గట్టు మాత్రం వదిలేయండి. నీడా వేళ్లూ అవతలి పైరు మీదకు పోయాక తగవు తప్పదు.

స్టంపులు ఎంచుకోవడం

ఏడాది వయసు నారు పీకి, పైన అంగుళం కాండం, కింద 6 నుంచి 8 అంగుళాల తల్లివేరు ఉంచి, పక్కవేళ్లన్నీ కోసేసిన ముక్కే స్టంపు. మందం 1 నుంచి 2 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు బొటనవేలంత ఉండాలి. గోటితో గీకితే లోపల తడిగా, తెల్లగా కనిపించాలి. గోధుమరంగు తిరిగి పొడిబారితే పక్కన పెట్టేయండి. తెచ్చినరోజే నాటలేకపోతే నీడలో గొయ్యి తీసి ఇసుక ఒక వరస, స్టంపులు ఒక వరసగా పేర్చి కప్పండి.

గింజల నుంచి నారు పోసుకోవడం తిప్పలతో కూడిన పని. పెంకు గట్టిది కాబట్టి రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టడం వారం పది రోజులు చేయాలి. అప్పుడు కూడా మొలకలు తక్కువే, అవీ విడతలుగా వస్తాయి. ఒకటి రెండెకరాలకైతే కొనడమే నయం.

ల్యాబులో కణజాలం నుంచి పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలు ఒకే తీరుగా, చురుగ్గా ఎదుగుతాయి. అలాగని పదేళ్లకే లక్షలు అనే మాట నమ్మకండి. 1990లలో టేకు పేరు చెప్పి జనం దగ్గర డబ్బు పోగేసిన కంపెనీల వ్యవహారం 1999లో పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే సెబీ సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చేదాకా పోయింది. ఎంత మంచి మొక్కయినా చేవ, అంటే మాను లోపలి గట్టి చెక్క, పట్టడానికి ఏళ్లు పడుతుంది.

నాటడం

మృగశిర కార్తెలో తొలకరి పడి, నేల అడుగు లోతు తడిశాక మొదలుపెట్టండి. గడ్డపారతో స్టంపు పట్టేంత కన్నం చేసి, లావు కొస పైకి ఉండేలా నిలువుగా దించండి. రెండు కొసలూ కోసినవే కాబట్టి కొత్త కూలీలు తలకిందులుగా దించడం మామూలే, పక్కన ఉండి చూసుకోవాలి. పై కొస నేలమట్టానికి కాస్త పైన ఉండాలి. కన్నానికి జానెడు దూరంలో మళ్లీ గడ్డపార దించి మట్టిని స్టంపు వైపు ఒత్తి, మడమతో తొక్కండి. వేరు పక్కన గాలి సందు మిగిలితే స్టంపు ఎండిపోతుంది, వాన ఎక్కువైతే అదే సందులో నీరు చేరి కుళ్లుతుంది. పట్టి లాగితే ఊడి రాకూడదు. చెదలున్న నేలలో గుప్పెడు వేపపిండి కలపండి.

చచ్చినవాటి చోట నెలలోపే మళ్లీ నాటండి. టేకు నీడను ఓర్చుకోదు, మరుసటి ఏడు నాటిన మొక్క పెద్దవాటి కింద లేవదు.

మొదటి మూడేళ్లు

ఒక్కో స్టంపుకు రెండు మూడు చిగుళ్లు వస్తాయి. జానెడు ఎత్తయ్యాక బలమైనది ఒకటి ఉంచి మిగతావి గిల్లేయండి. మొక్క చుట్టూ మూడడుగుల మేర మొదటి ఏడాది మూడుసార్లు, తర్వాత రెండుసార్లు కలుపు తీయాలి. ఆగస్టులో, సెప్టెంబరులో మొక్కకు 50 గ్రాముల చొప్పున 15:15:15 కాంప్లెక్స్ ఎరువు చాలు. యూరియా, డ్రిప్పు అతిగా ఇస్తే మొక్క సన్నగా సాగి గాలికి వాలిపోతుంది. వరసల మధ్య వేరుశనగ, పెసర, మినుము వేసుకోవచ్చు. ఎగబాకే తీగజాతులు వద్దు. చలికాలం చివర రాలిన ఆకు నిప్పురవ్వకే అంటుకుంటుంది, తోట చుట్టూ పదడుగుల మేర శుభ్రం చేసి ఉంచండి.

కొమ్మలు తీయడం

పక్కకొమ్మలను చిటికెనవేలి మందం దాటకముందే, డిసెంబరు–ఫిబ్రవరి మధ్య పొడి వాతావరణంలో తీయండి. కత్తితో నరకకుండా చేతిరంపం వాడండి. ముందు కింది నుంచి చిన్న గాటు పెట్టి, తర్వాత పై నుంచి కోస్తే బెరడు చీలి కిందికి రాదు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే పట్టీ దగ్గరే కోయాలి, ఆ పట్టీ మాత్రం తెగకూడదు. రెండంగుళాలు వదిలేస్తే ఆ మొద్దు ఎండి, చెట్టు దాన్ని మింగుతూ లావెక్కుతుంది. సామిల్లులో పలక కోసినప్పుడు ఆ ముడి ఊడి కన్నం పడుతుంది. పలక ధర పడిపోయేది అక్కడే. చెట్టు ఎత్తులో సగానికి మించి కొమ్మలు తీయకండి. అతిగా తీస్తే మాను పొడవునా కొత్త పిలకలు పుట్టుకొస్తాయి.

పలచన చేయడం

కొమ్మలు కలిసిపోయి, కింది కొమ్మలు వాటంతట అవే ఎండుతుంటే సమయం వచ్చినట్టే. మంచి నేలలో అది ఐదారేళ్లకు వస్తుంది. మొదటి వరసలో 1, 3, 5 చెట్లకు, రెండో వరసలో 2, 4, 6 చెట్లకు సున్నం గుర్తు పెట్టి, గుర్తు పెట్టినవి కొట్టండి. ఎకరంలో 340 చెట్లు సుమారు 11 అడుగుల ఎడంలో మిగులుతాయి. ఉంచాల్సింది వంకరగా ఉండి పక్కది నిటారుగా ఉంటే ఆ రెండింటినీ తారుమారు చేయండి. పది పదకొండేళ్లకు మళ్లీ సగం తీస్తే 170 చెట్లు 16 అడుగుల ఎడంలో ఉంటాయి.

నష్టమేమో అన్న భయం ఉంటే ఈ లెక్క చూడండి. 24 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవున్న దుంగ మార్కెట్ కొలతలో (ఆ పద్ధతి చివర్లో ఉంది) 2.5 ఘనపుటడుగులు. అలాంటివి రెండు కలిస్తే 5. చోటు దొరికి 36 అంగుళాలకు లావెక్కిన ఒక్క దుంగే 5.6. పైగా సన్నవాటిలో తెల్లచెక్క ఎక్కువ, చేవ తక్కువ కాబట్టి రేటు కూడా దిగుతుంది.

ఇప్పటికే ఆలస్యమైన తోటను ఒకేసారి సగం చేయకండి. ఇరుకులో పొడవుగా సాగిన మానులు గాలికి వంగిపోతాయి. రెండు మూడేళ్లలో విడతలుగా తీయండి.

పురుగు, బదనిక

తొలి వానల చిగురును గొంగళి పురుగులు కొద్ది రోజుల్లోనే ఊడ్చేస్తాయి. తర్వాత వచ్చే మరో రకం పురుగు ఈనెలు వదిలి ఆకును జల్లెడ చేస్తుంది. చెట్టు చావదు, మళ్లీ చిగురిస్తుంది, ఆ ఏడాది ఎదుగుదల మాత్రం తగ్గుతుంది. చిన్న మొక్కల మీద బీటీ మందు (గొంగళి పురుగులను చంపే బ్యాక్టీరియా మందు) చల్లొచ్చు. పెద్ద చెట్లకు ఆ ఖర్చు గిట్టదు. చెట్టు కొమ్మలకు అతుక్కుని దాని సారం పీల్చే బదనికను మాత్రం ఉపేక్షించకండి. ఆకురాలిన కాలంలో పచ్చగా కనబడేది అదే. అది అతుక్కున్న చోటికి అడుగు కిందే కొమ్మను కోసేయాలి.

కొట్టడం, అమ్మడం

నాటిన ఏడాదే చెట్ల వివరాలు పహాణీలో లేదా అడంగల్‌లో రాయించండి. చెట్టు మీదే అని రేపు చూపాల్సిన కాగితం అదే. కొట్టడానికి అనుమతి, లారీ కదలడానికి అటవీ శాఖ రవాణా పర్మిట్ తీసుకోవాలి. పలచన చేసిన వాసాలు అమ్మాలన్నా ముందు అటవీ శాఖలో అడగండి. చెట్ల నరికివేతకు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా వర్తిస్తుంది.

వ్యాపారులు దుంగ నడిమి చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని నాలుగుతో భాగిస్తారు. వచ్చినదాన్ని దానితోనే గుణించి, అడుగుల్లో పొడవుతో గుణించి, 144తో భాగిస్తారు. ఈ పద్ధతి గుండ్రటి దుంగలో నిజంగా ఉన్న కలపకన్నా 21 శాతం పైగా తక్కువ చూపుతుంది. కొలిచే తీరే అంత కాబట్టి ఘనపుటడుగు రేటు అడిగేటప్పుడు దీన్ని దృష్టిలో పెట్టుకోండి. తాడు బెరడు మీద చుడతారా, బెరడు తీశాకా అన్నది బయానా తీసుకోకముందే తేల్చుకోండి.