టమాటాని ఎర్రబడకుండా ఆపి, ఎంత ఆగిందో కొలవడం ఎలా

కాయని పండించే వాయు హార్మోన్ ఎథిలీన్, దాన్ని పసిగట్టే ప్రోటీన్ రిసెప్టర్. ఆ రిసెప్టర్‌ని అడ్డుకుంటే టమాటాకి రంగు రాదని చదవడం వేరు, ఆ రంగు ఎంత తగ్గిందో మీరే కొలిచి అంకె వేయడం వేరు. ల్యాబ్‌లో ప్రాజెక్టుగా ఈ ప్రయోగం చేయాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. నిజానికి లైకోపీన్ (టమాటాకి ఎరుపునిచ్చే పదార్థం) కొలవడంలో పెద్ద తిప్పలేమీ లేవు, గంటలో తేలిపోయే పని. ఫలితాలు చెడేది అంతకుముందే, కాయల్ని ఎంచుకునే దగ్గర.

ముందు రిసెప్టర్ సంగతి. ఇక్కడ లాజిక్ తిరగబడి ఉంటుంది. హార్మోన్ వచ్చి తగులుకుంటే రిసెప్టర్ పని మొదలుపెడుతుందని అనుకుంటాం కదా, ఎథిలీన్ దగ్గర అలా కాదు. ఎథిలీన్ లేనప్పుడే రిసెప్టర్ పనిలో ఉంటుంది, సీటీఆర్1 అనే ప్రోటీన్‌ని ఉసిగొల్పి, పండమనే సంకేతాన్ని ముందుకు పంపే ఈఐఎన్2 ప్రోటీన్‌ని తొక్కిపట్టిస్తుంది, దాంతో కాయ పచ్చిగానే ఉండిపోతుంది. ఎథిలీన్ వచ్చి రిసెప్టర్‌లోని రాగి అయాన్ దగ్గర కూర్చోగానే ఆ పట్టు సడలుతుంది, పండటానికి కావాల్సిన జన్యువులు పనిలోకి దిగుతాయి. రిసెప్టర్‌ని కాపలావాడనుకోండి, ఎథిలీన్ వచ్చి వాణ్ణి నిద్రపుచ్చుతుంది.

ఇది బుర్రకెక్కితే ‘నెవర్ రైప్’ మ్యూటెంట్ (జన్యువు మారి కాయ సరిగ్గా పండని టమాటా) దానంతటదే అర్థమవుతుంది. అందులో రిసెప్టర్ 36వ స్థానంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ల్యూసిన్ ఉంటుంది, ఎథిలీన్ దానికి అంటుకోదు, కాపలావాడు నిద్రపోడు. టమాటాలో మొత్తం ఏడు ఎథిలీన్ రిసెప్టర్లున్నా పండటాన్ని దెబ్బతీయడానికి ఈ ఒక్కటి చాలు, అందుకే ఆ మార్పు డామినెంట్ (జన్యువు రెండు కాపీల్లో ఒకటి మారినా ప్రభావం కనపడుతుంది). తమాషా ఏంటంటే, ఆ పాడైన జన్యువునే యాంటీసెన్స్‌తో (జన్యువు నుంచి ప్రోటీన్ తయారు కాకుండా ఆపే పద్ధతి) అణిచేస్తే మ్యూటెంట్ కాయ మళ్లీ మామూలుగా పండింది! రిసెప్టర్ పాడైతే ఆగిపోతుంది, అసలు లేకపోతే పండుతుంది. వైవాలో ఈ ప్రశ్న అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

మ్యూటెంట్ విత్తనాలు దొరక్కపోతే 1-ఎంసీపీ అనే వాయువు ఉంది. ఎథిలీన్ కూర్చునే చోటే ఇదీ కూర్చుంటుంది గానీ కాపలావాణ్ణి నిద్రపుచ్చదు. కాకపోతే కాయ కొత్త రిసెప్టర్లు చేసుకుంటూ పోతుంది కాబట్టి ఇది శాశ్వతం కాదు, కొన్నాళ్లకి కాయ పండటం మొదలుపెడుతుంది. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

రంగు వైపు కథ చిన్నది. జీజీపీపీ అనే ముడిసరుకు అణువులు రెండింటిని పీఎస్‌వై1 ఎంజైమ్ కలిపి ఫైటోయీన్ చేస్తుంది, దానికి రంగుండదు. ఆ తర్వాత పీడీఎస్, జడ్‌డీఎస్ లాంటి ఎంజైములు డబుల్ బాండ్లు పెంచుతూ పోతాయి, చివర్లో సీఆర్‌టీఐఎస్ఓ అనే ఎంజైమ్ దాన్ని సరైన ఆకారంలోకి తిప్పితే ఎర్రటి లైకోపీన్ వస్తుంది. మామూలుగా అయితే సైక్లేజులనే ఎంజైములు దాన్ని బీటా కెరోటిన్ వైపు తీసుకెళ్లాలి. కానీ కాయ పండేటప్పుడు పీఎస్‌వై1 జన్యువు జోరు పెరిగి సైక్లేజ్ జన్యువుల జోరు తగ్గుతుంది, ముందు నుంచి తోసేవాళ్లు ఎక్కువై బయటికి దారి ఇరుకైనట్టు లైకోపీన్ మధ్యలో పేరుకుపోతుంది. మీరు కొలవబోయేది ఆ పేరుకుపోయిన సరుకునే.

ఇక కాయలు. పువ్వు విచ్చుకున్న రోజే ప్రతి పువ్వుకీ తేదీ రాసిన ట్యాగ్ కట్టండి, బద్ధకించకండి. బయటికి ఒకేలా కనపడే రెండు పచ్చికాయల్లో ఒకటి ఎదుగుదల పూర్తయింది కావచ్చు, ఇంకోటి కాకపోవచ్చు, ఎదగని కాయ ఎథిలీన్ పట్టించినా సరిగ్గా పండదు. తేల్చుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. అదే మొక్కకి అదే తేదీ ట్యాగ్ ఉన్న కాయని పదునైన కత్తితో అడ్డంగా కోయండి. లోపల జిగురు పట్టి గింజలు కత్తికి తెగకుండా పక్కకి జారితే ఆ కాయ ఎదిగినట్టు. గింజలు తెగితే ఇంకా ఆగాలి. నేను మొదటిసారి ఈ పరీక్ష చేయకుండా సైజు చూసి కాయలు కోసేశాను, ఏమీ పట్టించని కాయలే సగం పచ్చిగా ఉండిపోయాయి, నెల రోజుల శ్రమ బూడిదలో పోసిన పన్నీరు.

కోసిన కాయల్ని రెండు గాలి చొరబడని డబ్బాల్లో పెట్టండి. ఒకదాంట్లో 1-ఎంసీపీ ఒక పీపీఎం, రెండోదాంట్లో మామూలు గాలి, రెండూ 20 డిగ్రీల దగ్గర 24 గంటలు. రెండిట్లోనూ కొంచెం సోడా లైమ్ పెట్టండి, కాయలు వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే అది కూడా ఎథిలీన్ పనికి అడ్డొస్తుంది. బయటికి తీశాక రెండు గుంపుల్నీ ఒకే ఉష్ణోగ్రతలో, కానీ వేరు వేరు చోట్ల ఉంచండి, పక్కన పండే కాయ వదిలే ఎథిలీన్ ఇంకో గుంపుని కదిలిస్తుంది. వేడి 30 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే లైకోపీన్ తయారీ దెబ్బతిని కాయలు పసుపు నారింజ రంగులో ఆగిపోతాయి, మీరేమో రిసెప్టర్ వల్లనుకుంటారు.

కాయ దోరరంగుకి తిరిగిన మొదటి రోజు రాసిపెట్టుకోండి, అడుగున కొంచెం రంగు తేలితే చాలు. మామూలు కాయలు దోరకొచ్చిన ఏడో రోజున రెండు గుంపుల నుంచీ శాంపిల్ తీయండి. 1-ఎంసీపీ పట్టించినవి కొన్ని అలాగే ఉంచి, అవి తమంతట దోరకొచ్చిన ఏడో రోజున మళ్లీ తీయండి. మొదటి పోలిక పండటం ఎంత వెనకబడిందో చెప్తుంది, రెండోది పండిన తర్వాత కూడా రంగు తక్కువగా ఉందా అనేది చెప్తుంది. ఈ రెండిటినీ కలిపేసి ‘రిసెప్టర్ అడ్డుకుంటే లైకోపీన్ తగ్గింది’ అని ఒక్క ముక్కలో తేల్చేసే రిపోర్టులంటే నాకు చిరాకు.

కొలిచేటప్పుడు గింజలు, జిగురు తీసేసి తొక్కతో ఉన్న మందపాటి కండని మెత్తగా రుబ్బి, 0.6 గ్రాములు తూచి గాజు సీసాలో వేయండి. అందులో 0.05 శాతం బీహెచ్‌టీ (లైకోపీన్ గాలికి పాడవకుండా కాపాడేది) కలిపిన ఎసిటోన్ 5 మిల్లీలీటర్లు, 95 శాతం ఇథనాల్ 5, హెక్సేన్ 10 పోయండి. ఐస్‌లో పెట్టి షేకర్ మీద 15 నిమిషాలు తిప్పండి, 3 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఇంకో 5 నిమిషాలు తిప్పండి, తర్వాత 5 నిమిషాలు కదపకుండా వదిలేయండి. పైన తేలిన ఎర్రటి పొరే మనకి కావాల్సింది. ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లోనే, మంటకి దూరంగా, వెలుతురు తక్కువగా ఉండేలా చేయండి. పాలీస్టైరీన్ కువెట్‌లో (రీడింగ్ కోసం ద్రావణం పోసే చిన్న పాత్ర) మాత్రం పోయకండి, ఈ ద్రావకాలకి అది కరిగి మసకబారుతుంది, గాజుదో క్వార్ట్జ్‌దో వాడండి.

స్పెక్ట్రోఫోటోమీటర్‌లో హెక్సేన్‌ని బ్లాంక్‌గా (సున్నా రీడింగ్‌గా) పెట్టి 503 నానోమీటర్ల దగ్గర ఆ పొర ఎంత వెలుతురు పీల్చుకుంటుందో రీడింగ్ తీయండి. లైకోపీన్‌కి 472 దగ్గర ఇంకా పెద్ద శిఖరం ఉంది, కానీ అక్కడ బీటా కెరోటిన్ కూడా బాగా కలుస్తుంది, 503 దగ్గర దాని గొడవ తక్కువ. ఆ రీడింగ్‌ని 31.2తో గుణించి శాంపిల్ గ్రాములతో భాగిస్తే కిలోకి ఎన్ని మిల్లీగ్రాముల లైకోపీన్ ఉందో వస్తుంది. ఉదాహరణకి రీడింగ్ 0.77, శాంపిల్ 0.6 గ్రాములైతే దాదాపు 40. ఈ 31.2 అనే అంకె 10 మిల్లీలీటర్ల హెక్సేన్‌కే సరిపోతుంది, ద్రావకం మారిస్తే లెక్కా మార్చాలి. పచ్చికాయలో కొద్దిపాటి రీడింగ్ వస్తే సంబరపడకండి, అది మిగతా కెరోటినాయిడ్ల తోక. ఇంకో మాట, ఒకే కాయని మూడు సీసాల్లో వేస్తే మూడు రెప్లికేట్లు కావు, మీ చెయ్యి ఎంత నిలకడగా ఉందో మాత్రమే తెలుస్తుంది. కనీసం ఐదారు కాయలు, వేరు వేరు మొక్కల నుంచి తీసుకోండి.

వీలైతే పోలికకి ‘ఎల్లో ఫ్లెష్’ రకం కూడా పెట్టుకోండి. అందులో రిసెప్టర్ బాగానే ఉంటుంది, కాయ మెత్తబడుతుంది, పీఎస్‌వై1 పనిచేయక రంగు మాత్రం రాదు (ఆకులకి వేరే పీఎస్‌వై2 ఉంది కాబట్టి మొక్క పచ్చగానే ఉంటుంది). నెవర్ రైప్‌లో మెత్తబడటం, రంగు రెండూ వెనకబడతాయి. అందుకే రంగుతో పాటు కాయ గట్టిదనం కూడా కొలవాలి, లేకపోతే రెండిటికీ తేడా దొరకదు. ‘టాంజెరిన్’ రకం వాడితే మాత్రం 503 అంకె చూసి కెరోటినాయిడ్లే లేవని రాసేయకండి, సీఆర్‌టీఐఎస్ఓ లేక అక్కడ పేరుకునేది ప్రోలైకోపీన్, దాని శిఖరం 440కి దగ్గర్లో ఉంటుంది, 400 నుంచి 550 దాకా మొత్తం స్కాన్ తీస్తేనే కనపడుతుంది.