తైచీ ప్రాచీన పాఠాల అనువాదం: వాక్యం అతకనప్పుడు ఎక్కడ చూడాలి

సమస్య: ఒకే వాక్యానికి రెండు అనువాదాలు పొంతన లేకుండా ఉన్నాయి.

నిఘంటువు తెరిచే ముందు ఆ అనువాదకులిద్దరూ ఏ ప్రతిని అనువదించారో చూడండి. నిమిషాల్లో అయ్యే ఈ పనిని దాదాపు అందరూ వదిలేసి, వ్యాకరణం మీద వాదించుకుంటారు. తైచీ అనే చైనా యుద్ధవిద్యపై వాంగ్ జోంగ్‌యుయె పేరిట ప్రచారంలో ఉన్న ‘తైచీచువాన్ లున్’ అనే చిన్న పాఠంలో తలను నిలిపే తీరు చెప్పే నాలుగక్షరాల మాట ఉంది. అందులోని రెండో అక్షరం కొన్ని ప్రతుల్లో ‘ముందుండి నడిపించు’ అనే లింగ్, యాంగ్ అనే తైచీ సంప్రదాయపు కొన్ని రచనల్లో ‘చురుకుదనం’ అనే లింగ్. పలుకులో స్వరస్థాయి (టోన్) తప్ప తేడా లేదు. కాబట్టి అనువాదం మొదటి పుటలోనే మీ మూలం పేర్కొనండి: 1881 నాటి తైచీ సాధకుడు లీ యీయూ చేతిరాత ప్రతి పాఠమా, మరొకటా అని.

సమస్య: వ్యాకరణం సరిగ్గానే ఉంది, కానీ వాక్యం యుద్ధవిద్యలా కాక నీతిబోధలా వినిపిస్తోంది.

అనుభవజ్ఞులను సైతం దెబ్బతీసే కారణం ఇక్కడే ఉంది: ఆ మాట రచయితది కాదు, ఎరువు తెచ్చుకున్నది. అదే పాఠం చివరలో ‘షె జీ త్సోంగ్ రెన్’, అంటే ‘తనను విడిచి ఎదుటివారిని అనుసరించడం’ అని వస్తుంది. ప్రాచీన చైనా తత్త్వవేత్త మెన్షియస్ గ్రంథంలో ఇదే మాట షున్ చక్రవర్తి తన అభిప్రాయాన్ని పక్కనపెట్టి ఇతరుల మంచిని స్వీకరించడాన్ని మెచ్చుకుంటుంది. ఆ సంగతి తెలియనివారు దీన్ని ‘ఆత్మత్యాగం’గా మార్చేస్తారు, తెలిసినవారు కూడా ఒక్కోసారి రాజనీతిని యథాతథంగా ఇక్కడికి మోసుకొస్తారు. రచయిత ఆ పాత మాటకున్న గౌరవాన్ని వాడుకుంటూనే దాన్ని స్పర్శకు అన్వయించాడు: ఎదుటివారి బలం ఎటు పోతే అటు పోవాలి, ముందే వేసుకున్న ఎత్తును పట్టుకుని వేలాడకూడదు. వెంటనే వచ్చే వాక్యం, చాలామంది పొరపడి దగ్గరున్నదాన్ని విడిచి దూరాన వెతుకుతారని అంటుంది. రెండు చోట్లా ‘విడుచు’ అనే క్రియ ఒకటే కాబట్టి తెలుగులోనూ ఒకే క్రియ ఉంచండి, లేకపోతే వాదన తెగిపోతుంది.

పరిష్కారం: అనుమానం వచ్చిన నాలుగక్షరాలను చైనీస్ టెక్స్ట్ ప్రాజెక్ట్ వంటి డిజిటల్ గ్రంథాలయంలో సంప్రదాయ చైనీస్ లిపిలో వెతకండి. కొన్ని తైచీ ప్రతుల్లో ‘షె’ అక్షరానికి ఎడమపక్క ‘చేయి’ని సూచించే భాగం ఉంటుంది, మెన్షియస్‌లో ఉండదు. ఒక రూపంతోనే వెతికి ఏమీ లేదని తేల్చేయకండి, రెండింటితోనూ ప్రయత్నించండి.

కొన్నిచోట్ల రచయితే గుర్తు పెడతాడు. ‘నాలుగు ల్యాంగ్‌లతో వెయ్యి జిన్‌లను తప్పించడం’ (రెండూ పాత చైనా తూకాలు) అన్నచోట ‘అనే వాక్యాన్ని పరిశీలించు’ అని కూడా ఉంది. అంటే ‘తోపుడు చేతుల పాట’ అనే మరో తైచీ పాఠంలోని మాటను సాక్ష్యంగా చూపి, గెలుపు బలంతో కాదని నిరూపిస్తున్నాడు. ఆ ‘అనే వాక్యాన్ని’ ఎగరగొట్టిన అనువాదాల్లో అది గాలి మాటగా మిగులుతుంది. పాత లెక్కలో 16 ల్యాంగ్‌లు ఒక జిన్. కాబట్టి పావు జిన్ వెయ్యి జిన్‌లను తప్పిస్తోంది. ఈ లెక్క అడుగున ఒక్క పంక్తిలో ఇస్తే చాలు.

లేఖకుల చేతిపొరపాట్లు, అచ్చుతప్పులు కూడా ఉండొచ్చు. మూల ప్రతినీ, ఎరువు మాటలనూ చూసిన తర్వాతే వాటిని అనుమానించండి. విరామచిహ్నాలు మూలంలో లేవు, తర్వాతివారు పెట్టినవి, అవసరమైతే మార్చుకోవచ్చు.